ఒక ఇంట్ల ఇద్దరు లక్ష్మమ్మలు

చిరంజీవి అనూషకు,

నిన్న ఫోన్ల నువ్వు చెప్పిన పని గురించి రాత్రంత ఆలోచన చేసిన. మీ విత్తనాల కంపెనీల రైతుల లిస్టులు మూడున్నయ్, కలిపితే లక్ష వరుసలు, ఎవరు ఎవరో తేల్చాలె, దాన్నే ఎంటిటీ రిజల్యూషన్ అంటున్నరు అన్నవ్. "డూప్లికేట్లు తీసేసుడే గద పెద్దనాయనా" అని కూడ అన్నవ్. ఆ మాటకాడ నాకు గుబులైంది బిడ్డా. అందుకే కూసొని రాస్తున్న.

డూప్లికేట్ తీసుడంటే ఒకటే లిస్టుల రెండుసార్లు పడ్డ వరుసను తీసుడు. నీ పని అంతకంటె పెద్దది. వేరువేరు మనుషులు, వేరువేరు ఏండ్లల్ల, ఎవరి అవసరానికి వాళ్లు రాసుకున్న వరుసలు నీ ముందల పెట్టిన్రు. అన్నిట్ల కలిసే నంబర్ ఒక్కటి కూడ లేదు. వాటిల్ల ఏవేవి ఊర్లె నిజంగ తిరుగుతున్న ఒక్క మనిషివో తేల్చుడే ఎంటిటీ రిజల్యూషన్. రెండు వరుసలు అచ్చం ఒకతీరుగుండి ఇద్దరివి కావచ్చు. పేరుల సగం అక్షరాలు కలవకున్న ఒక్కరివే కావచ్చు.

నేను ఇది తప్పు చేసి నేర్చుకున్న. అప్పుడు నేను పనిచేసే ఆఫీసుల పింఛన్ల లిస్టు సాపు చెయ్యమన్నరు. ఒక ఊర్లె రెండు వరుసలు కనబడ్డయ్. లక్ష్మమ్మ, భర్త యాదయ్య, 66 ఏండ్లు. లక్ష్మమ్మ, భర్త యాదగిరి, 67 ఏండ్లు. ఇంటిపేరొకటే, ఇంటి నంబరొకటే. యాదగిరిని ఇంట్ల యాదయ్య అనే పిలుస్తరు గద, ఎవరో రెండుమాట్ల రాసిన్రనుకొని ఒకటి తీసేసిన. మూడు నెలలకు ఒక ముసలమ్మ వచ్చి నా టేబుల్ ముందల నిలబడ్డది. నడుముకాడి సంచిల నుంచి పాలిథిన్ కవర్ల చుట్టిన పాసుబుక్కు తీసి, ఆఖరి ఎంట్రీ మీద వేలు పెట్టింది. "చిన్న లక్ష్మమ్మకు పడుతున్నయ్ సారూ, పెద్ద లక్ష్మమ్మను నాకు పడ్తలెవ్వు" అన్నది. అన్నదమ్ముల పెండ్లాలు, తోడికోడండ్లు. ఊరంత పెద్దామె, చిన్నామె అంటరు. కాయితంల పెద్ద లేదు, చిన్న లేదు. బ్యాంకు ఖాతా నంబర్లు వేరువేరున్నయ్, నేనే చూడలేదు. సరిచేద్దామంటే పాత వరుస తుడిచేసిన. మళ్ల మొదటినుంచి దరఖాస్తు పెట్టి, ఆమె ఇంకో రెండు నెలలు తిరిగింది. పాసుబుక్కు మీద ఆ వేలు నాకు ఇప్పటికీ కండ్లల్ల మెదులుతది.

ఒక్క రైతును ఇద్దరుగ వదిలేస్తె మీ కంపెనీకి ఇంకో మెసేజ్ ఖర్చు. ఇద్దరిని ఒక్కరిని చేస్తె ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడ్తది. రెండు తప్పులూ ఒక్కతీరు కావు, మీ మేనేజర్‌కు ఇది ముందే చెప్పు. ఏ వరుసనూ తుడవకు. మూడు లిస్టులూ ఉన్నయి ఉన్నట్టే పెట్టి, పక్కన ఇంకో టేబుల్ల ఏ వరుస ఏ మనిషిదో, ఎందుకు అట్ల అనుకున్నవో, ఏ తారీఖున కలిపినవో రాసిపెట్టు. రేపు విడదీయాలంటే విడదీయొచ్చు.

ఇంకో మాట కూడ ముందే అడుగు: "ఒక్కటి" అంటే ఏంది? మీ డీలర్ల సంగతే తీసుకో. ఒక్కాయనకు మిర్యాలగూడల ఒక దుకాణం, దేవరకొండల ఒక దుకాణం ఉంటె ఆయన ఒక్కడా, ఇద్దరా? ఉత్తరం పంపెటందుకు ఒక్కడే. సరుకు పంపెటందుకు రెండు. ఇది తేలకుండ ప్రోగ్రాం రాస్తె ఎంత మంచిగ రాసినా లాభం లేదు.

ఇగ పేర్లు. యాదగిరిగుట్ట నర్సింహస్వామి పుణ్యమా అని మన నల్లగొండ దిక్కు ఊరికి పది మంది యాదయ్యలు. జాన్‌పహాడ్ దర్గా దిక్కు సైదులు, సైదమ్మలు. పాలమూరు దిక్కు కురుమూర్తి స్వామి పేరు మీద కుర్మయ్యలు, కుర్మన్నలు. మన దగ్గర రెండు వరుసల్ల యాదయ్య కలిస్తె ఏమీ తేలనట్టే. అదే పాలమూరు దిక్కున్న మక్తల్ లిస్టుల సైదులు రెండుసార్లు కనబడ్డడంటె ఆగి చూడాలె. పేరు ఎంత అరుదో అంత తూకం, ఆ తూకం ఊరుఊరుకు మారుతది.

పేర్లు పోల్చేటందుకు సౌండెక్స్ వాడుతున్నమన్నవ్. పేరు పలికే తీరును బట్టి దాన్ని ఒక అక్షరం, మూడంకెల గుర్తుగ మార్చే పద్ధతి అది. అమెరికాల 1918ల పేటెంటైంది, ఇంగ్లీషు అక్షరాలకు కట్టింది. లక్ష్మమ్మను దాంట్ల వేస్తె ఎల్ 255 వస్తది. లచ్చమ్మను వేస్తె ఎల్ 250. ఊర్లె ఇద్దరూ ఒకటే. మొదటి అక్షరాన్ని అది ఉన్నదున్నట్టే పెడ్తది కాబట్టి వెంకటమ్మ, ఎంకటమ్మ ఎన్నటికీ కలవరు. మన నోట్ల పేర్లెట్ల మారుతయో నువ్వే పట్టిక రాసుకో. మీ నాయనమ్మ దగ్గర గంట కూసుంటె సగం పట్టిక అయిపోతది.

లక్ష వరుసలు ఒకదానితోని ఒకటి పోలిస్తె దగ్గరదగ్గర 500 కోట్ల జంటలు. ఊరుకు 500 చొప్పున 200 ఊర్లుగ పంచి, ఏ ఊరోళ్లను ఆ ఊర్లనే పోలిస్తె రెండున్నర కోట్లకు దిగుతది. దీన్నే బ్లాకింగ్ అంటరు. కానీ ఊరు పేరు తప్పుపడ్డోళ్లు దొరకరు, అందుకే ఒకసారి ఊరితోని, ఇంకోసారి ఫోన్ నంబర్‌తోని, మరోసారి ఇంటిపేరుతోని పంచు. జిల్లా కలవలేదని మాత్రం కొట్టెయ్యకు. 2016 అక్టోబర్ 11 నాడు సూర్యాపేట, భువనగిరి నల్లగొండ నుంచి పోయినయ్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పాలమూరు నుంచి పోయినయ్. 2019ల నారాయణపేట పోయింది. మనిషి ఇల్లు కదలలే, కాయితం మీద జిల్లా మారింది.

పుట్టిన తారీఖు జనవరి 1 ఉంటె నమ్మకు, ఏడాది ఒక్కటే తెలిసినోళ్లకు అదే పడ్తది. ఫోన్ కలిస్తె ఇల్లు కలిసినట్టు, మనిషి కలిసినట్టు కాదు. కొన్నిసార్లు అది దరఖాస్తు నింపిన పిల్లగాడి నంబరు, ఊరంత దానికిందనే ఉంటది.

1969ల ఇవాన్ ఫెల్లెగి, అలన్ సంటర్ అని కెనడా గణాంకాల శాఖోళ్లు ఈ తూకాలన్నిటికీ లెక్క కట్టిన్రు. జంటలను మూడు కుప్పలు చెయ్యమన్నరు: కలిసినయ్, మనిషి కూసొని చూడాల్సినయ్, కలవనయ్. ఆ నడిమి కుప్ప చిన్నగ కనబడాలని మీ ఆఫీసుల తొందర పెడ్తరు. ఒప్పుకోకు. నా లక్ష్మమ్మలు ఉండాల్సింది ఆ కుప్పలనే.

వచ్చే వారం ప్రోగ్రాం నడిపేముందు ఓ 200 జంటలు ఆఫీసుల చేత్తోని చూడు, పేర్లు బయటికి చదువుకుంట చూడు. యాడ ఆగినవో రాసిపెట్టుకొని ఆదివారం ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాయన,
నల్లగొండ