అమ్ములూ, డాష్‌బోర్డు విప్పే ముందు ఇది చదువు

అమ్ములూ,

కారుకి జీపీఎస్ ట్రాకర్ నువ్వే బిగించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరికీ ఇవ్వకుండా, సొంతంగానట! విని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకుండానే లేచి రాస్తున్నా.

తేలికవి ముందు చెప్పేస్తా. ట్రాకర్‌లో వేసే సిమ్‌కి పిన్ లాక్ ఉంటే తీసెయ్. చాలా ట్రాకర్లకి కంపెనీ పెట్టే పాస్‌వర్డ్ 123456, అది మార్చు. ఏ వైరు ఏదో కరెంటు కొలిచే మల్టీమీటరుతో తేల్చుకున్నాక బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, అప్పుడే కటింగ్ ప్లేయరు పట్టు. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి వెళ్లావో, నాతో మాట్లాడకు.

ట్రాకర్‌ని డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, యాంటెనా ముఖం ఆకాశం వైపు ఉండేలా పెట్టు. జీపీఎస్ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. సిగ్నల్ కిందికి దిగేసరికి నీరసించిపోయి ఉంటుంది. ప్లాస్టిక్‌ని దాటుతుంది గానీ ఇనుప రేకుని దాటలేదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితేగానీ తానెక్కడుందో దానికి తెలీదు. మొదటిసారి కారుని ఆరుబయట పెట్టి కాసేపు ఓపిక పట్టు. షెడ్డులో పెట్టి, పని చెయ్యట్లేదని దాన్ని తిట్టకు.

ఎరుపు వైరు ఎప్పుడూ కరెంటుండే చోటికి, నలుపు పెయింటు లేని బాడీ బోల్టుకి, మూడోది తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరుకి. ట్రాకర్ రంగులకీ కారు రంగులకీ చుట్టరికం లేదు, మీటరు చెప్పిందే నమ్ము. ఎర్ర వైరుకి ఫ్యూజు, కరెంటు తీసుకునే చోటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. ట్రాకర్ పక్కన పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయినప్పుడు ఆ ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది.

ఇక ట్రాకర్ వచ్చిన డబ్బాలో నల్లటి చిన్న రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, ఒకటుంటుంది. ఫోన్ నుంచి ఇంజన్ ఆపడానికి. దాన్ని సొరుగులో పడెయ్.

ఎందుకంటే, నా మొదటి ట్రాకర్ నా కారుకే పెట్టాను. అప్పటికి ఇరవై ఏళ్లుగా కార్ల వైరింగు చేస్తున్నవాణ్ణి, నాకు రాని పనేముంది అనుకున్నా. పెట్రోలు పంపుకెళ్లే వైరు కోసి మధ్యలో రిలే పెట్టాను. సోల్డరింగ్ ఐరన్ చేతికందే దూరంలోనే ఉంది. బద్ధకించి, రెండు కొసలూ మెలేసి, పైన టేపు చుట్టేశా. లాగి చూస్తే గట్టిగానే ఉంది. ఎండలు ముదిరాక డాష్‌బోర్డు కింద టేపు జిగురు కరిగి కారింది. కుదుపులకి మెలిక కొంచెం కొంచెం సడలింది. నాకవేవీ తెలీదు.

ఓ రాత్రి మీ అత్తయ్యతో వస్తున్నా. నాలుగు లైన్ల రోడ్డు, వెనకాల లారీ. ఉన్నట్టుండి ఇంజన్ గప్‌చిప్. స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది. బ్రేకు మొదటిసారి పట్టింది, రెండోసారి సగం పట్టింది, మూడోసారి పెడల్ మీద నిలబడాల్సి వచ్చింది. ఇంజన్ ఆగితే బ్రేకుకి సాయం ఒకటి రెండు తొక్కుళ్ల వరకే ఉంటుందని పదిమందికి చెప్పినవాణ్ణే. లారీ హారన్ కొడుతూ మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. మట్టిరోడ్డు అంచున ఆగాక మీ అత్తయ్య ఒక్క మాటా అనలేదు. నా చొక్కా పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

అందరికీ పంపు పోయిందని చెప్పా. మీ అమ్మక్కూడా. మర్నాడు ప్యానెల్ విప్పితే ఆ వైరు కొస, టేపు గొట్టంలోంచి జారి, నల్లగా జిడ్డోడుతూ వేలాడుతోంది. అలాంటి అతుకులే వేసిన పదకొండు కార్లని వెనక్కి పిలిచి, డబ్బులు తీసుకోకుండా విప్పి చూశా. రెండింటిలో అదే తీరు.

కాబట్టి ప్రతి అతుకూ సోల్డరు చేసి, హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడిగి, వైరుని బ్రాకెట్‌కి కట్టు. దొంగల భయంతో ఇంజన్ ఆపే ఏర్పాటు కావాలనే అంటే స్టార్టరు వైరుకి పెట్టు. నడిచే బండి ఆగదు, ఆపిన బండి మళ్లీ లేవదు. పంపు వైరు ముట్టుకోకు. నీకు ఎంత వయసొచ్చినా ఈ విషయంలో నేను తిడతా.

అల్లుడూ ఆ కారు నడుపుతాడు కదా. ట్రాకర్ ఉందని చెప్పావా? చెప్పకుండా పెట్టేదైతే ఈ ఉత్తరం చింపెయ్. నేను నేర్పింది అందుకు కాదు. తిట్టాననుకోకు, నువ్వలాంటిదానివి కాదని తెలుసు. అయినా అడక్కుండా ఉండలేను.

ఇంకోటి, కారు వారాలపాటు కదలకపోతే లెక్క చూసుకో. కారు ఆగినా కరెంటు తగ్గించుకోకుండా మేలుకునే ఉండే ట్రాకర్ 100 మిల్లీ యాంపులు తాగిందనుకో, రోజుకి 2.4 యాంపియర్ అవర్లు. 45 యాంపియర్ అవర్ల బ్యాటరీ పది రోజుల్లో సగానికి దిగుతుంది. కారు లాక్ చేసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో మీటరు పెట్టి చూడు. మొత్తం 50 మిల్లీ యాంపుల లోపు ఉంటే నిశ్చింత. మీటరు అలా ఉండగా తాళం మాత్రం తిప్పకు, దాని ఫ్యూజు ఎగిరిపోతుంది. నావి మూడు పోయాయి.

ఏడేళ్ల పిల్లవి, నా పక్కన సీటు కింద దూరి టార్చి పట్టుకునేదానివి. వెలుగు వైరు మీద ఉంచవే అంటే నా మొహం మీద వేసి నవ్వేదానివి. ప్యానెల్ స్క్రూలు బిగించే ముందు వీడియో కాల్ చెయ్యి, ఒక్కో అతుకూ చూడాలి. ఈసారైనా టార్చి వైరు మీద పట్టుకో.

మామయ్య