టెక్ సందేహాలు: కాలమ్ దింపకుండానే పెద్ద థ్రెడ్డు కోయవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ ఎనుమాముల దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లు. పత్తిని నొక్కి బేళ్ళు కట్టే ప్రెస్‌కు ఉండే కాలమ్‌లలో (నిలువు ఉక్కు స్తంభాలలో) ఒకదాని పై కొసన, నట్టు బిగించే థ్రెడ్డు (మర) దెబ్బతిన్నది. నట్టు తీసి చూస్తే చివరి మూడు చుట్లు నలిగి ఉన్నాయి, లోపలి చుట్లు కూడా అరిగినట్టు కనిపిస్తున్నాయి. వ్యాసం 64 మి.మీ. దగ్గర వస్తోంది. కాలమ్ దింపాలంటే క్రేను తేవాలి, దసరా దాటితే పత్తి రావడం మొదలవుతుంది. ఉన్నచోటే థ్రెడ్డు కోసే మిషన్ కొనమంటారా? ఫోన్ కెమెరాతో థ్రెడ్డు సైజు తెలుస్తుందా?

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఏ థ్రెడ్డో తేలకుండా దానిమీద ఏ పనిముట్టూ పెట్టకూడదు. 64 మి.మీ. మెట్రిక్ థ్రెడ్డుకు సాధారణంగా పిచ్ (ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం) 6 మి.మీ., గాడి రెండు గోడల మధ్య కోణం 60 డిగ్రీలు. పాత ప్రెస్‌లలో కనిపించే రెండున్నర అంగుళాల విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల పద్ధతి) థ్రెడ్డు వ్యాసం 63.5 మి.మీ., కోణం 55 డిగ్రీలు, అంగుళానికి 4 చుట్లు, అంటే పిచ్ 6.35 మి.మీ. అరిగిన కాలమ్ మీద అర మిల్లీమీటరు తేడాను చూసి ఇది ఫలానాదని చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే వ్యాసాన్ని వదిలి పిచ్‌ను పట్టుకోవాలి. కాలమ్ పొడవునా స్టీలు స్కేలు ఆనించి, ఫోన్‌ను రెండు అడుగుల దూరంలో వంకర లేకుండా నిలిపి, జూమ్ చేసి ఫొటో తీయండి. మరీ దగ్గర నుంచి తీస్తే అంచుల్లో కొలత తప్పుతుంది. ఆ ఫొటోను పెద్దది చేసి, నలగని చోట వరుసగా 10 పిచ్‌లు లెక్కపెట్టండి. 60 మి.మీ. వస్తే మెట్రిక్, 63.5 మి.మీ. వస్తే విట్‌వర్త్. ఫోన్ ఇంతవరకే పనికొస్తుంది. కోణాన్ని మాత్రం పిచ్ గేజ్ (థ్రెడ్డు ఆకారంలో పళ్ళున్న కొలత రేకు) ఆనించి, వెనుక టార్చి పెట్టి, వెలుతురు ఎక్కడ జారుతోందో చూసి నిర్ధారించుకోవాలి.

ఇక కోత సంగతి. చివరి మూడు చుట్లే నలిగి ఉంటే మీకు మిషన్ అవసరమే లేదు. రెండు ముక్కలుగా విడిపోయే రీథ్రెడింగ్ డై (నలిగిన థ్రెడ్డును మళ్ళీ సరిచేసే, లోపల పళ్ళున్న కోత పనిముట్టు) దొరుకుతుంది. దాన్ని లోపల బాగున్న చుట్ల మీద బిగించి, అక్కడి నుంచి బయటి కొస వైపు తిప్పుతూ రావాలి. బాగున్న గాడే డైకి దారి చూపిస్తుంది కాబట్టి పక్కకు ఒరిగిన లోహం మాత్రమే తెగుతుంది. నలిగిన కొస నుంచి డై ఎక్కిస్తే అది అడ్డంగా పట్టుకుని మిగిలిన చుట్లను కూడా పాడుచేస్తుంది. థ్రెడ్ ఫైలుతో ఓపికగా రాసినా ఈ పని అవుతుంది.

లోపలి చుట్లు నిజంగానే అరిగి ఉంటే ఆలోచన మారాలి. 6 మి.మీ. పిచ్‌లో గాడి లోతు దాదాపు 3.7 మి.మీ., దాన్ని చేత్తో తిప్పే డై కోయలేదు. కాలమ్‌కు బిగించే పోర్టబుల్ మిషన్‌లో, లేత్‌కు భిన్నంగా, కాలమ్ కదలకుండా ఉంటుంది, టూలే దాని చుట్టూ తిరుగుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో పిచ్ ముందుకు జరుగుతుంది. ఒకే కొన ఉన్న టూలైతే కొద్దికొద్దిగా లోతు పెంచుతూ చాలాసార్లు తిప్పాలి. థ్రెడ్డు పొడవంతటికీ పళ్ళ వరుసలున్న థ్రెడ్ మిల్లింగ్ కట్టరైతే తన ఇరుసు మీద వేగంగా తిరుగుతూ కాలమ్‌ను ఒక్క చుట్టు చుట్టి, ఇంకాస్త ముందుకు వెళ్ళి ఆగుతుంది. ఏదైనా సరే, మిషన్‌ను అరిగిన థ్రెడ్డు ఆధారంగా కాక కాలమ్ నున్నటి భాగానికి డయల్ గేజ్ (సూక్ష్మమైన తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి సమంగా నిలపాలి. ఈ అమరికకే సగం రోజు పట్టినా తొందరపడవద్దు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 64 పాడైంది కదా, 60 చేద్దామంటారు. కానీ పాత గాడి అడుగు 56.6 మి.మీ. వ్యాసం దాకా దిగి ఉంటుంది కాబట్టి 60కి తగ్గించినా పాత గాడులు చెరగవు, వాటి మీద కొత్తవి అడ్డదిడ్డంగా పడతాయి. పూర్తిగా చెరిపి 56కు దిగితే బలాన్ని మోసే అడ్డుకోత వైశాల్యం దాదాపు 24 శాతం పడిపోతుంది. బేల్ నొక్కే బలమంతా ఈ కాలమ్‌లను సాగదీస్తుంది గనుక ఆ మార్గాన్ని నేను ఒప్పుకోను. మెట్రిక్ థ్రెడ్డయితే అదే పిచ్‌తో, పాత గాడినే పట్టుకుని, వ్యాసం ఒక్క మిల్లీమీటరు తగ్గేలా కోయించండి. అప్పుడు అడ్డుకోత వైశాల్యం సుమారు మూడున్నర శాతమే తగ్గుతుంది. అంతమాత్రమైనా ప్రెస్ తయారీదారు అనుమతి అడిగే కోయించండి. సరిచూడటానికి 3.46 మి.మీ. మందం ఉన్న మూడు తీగలను, ఒకవైపు రెండు, ఎదురువైపు ఒకటి చొప్పున గాడుల్లో పెట్టి మైక్రోమీటరుతో కొలిస్తే, 64కు 65.3 రావాల్సిన చోట 64.3 కన్నా కొద్దిగా తక్కువ రావాలి. దానికి తగ్గ నట్టును లేత్ మీద కొత్తగా చేయించాలి.

మిషన్ మాత్రం కొనవద్దు. ఏళ్ళకోసారి వచ్చే పనికి మిషన్‌ను తెచ్చి అద్దెకు పనిచేసిపెట్టేవారు చాలు. రామగుండం, మంచిర్యాల వైపు భారీ యంత్రాల మరమ్మతు చేసే కాంట్రాక్టర్లను విచారించండి. పని మొదలయ్యే ముందు ఆయిల్ ప్రెషర్ పూర్తిగా దించి, మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, నట్టు లేని వైపు పై దిమ్మకు జాకీ ఆనించండి. అరిగిన చోట వెల్డింగ్ పోసి మళ్ళీ కోస్తామని ఎవరైనా అంటే, కాలమ్ ఏ స్టీలో తెలియకుండా ఒప్పుకోకండి, వేడికి పక్కనే పగులు పుట్టవచ్చు. పని అయ్యాక కొత్త సైజును కాలమ్ కొస మీద, నట్టు మీద పంచ్‌తో కొట్టించండి. బజారులో దొరికే 64 నట్టు ఇకమీదట ఆ కాలమ్‌కు వదులుగా ఉంటుంది.