జర్మన్ హల్లులు పలకడం గురించి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నిన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన రికార్డింగ్ డ్యూటీ నుంచి వచ్చాక మూడుసార్లు విన్నాను. గ్రామర్ బాగుంది. పని ఉన్నదల్లా హల్లుల దగ్గరే. ఇక్కడ జర్మనీలో నర్సుగా నువ్వు మాట్లాడేది ఎక్కువగా చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లతో. అందుకే ఇప్పుడే సరిచేసుకుందాం.

జర్మన్ అక్షరాలు చూడ్డానికి ఇంగ్లిష్ లాగే ఉంటాయి కాబట్టి ఆ అలవాటుతోనే చదివేస్తున్నావు. ఇక్కడ 'డబ్ల్యూ' అంటే వ, 'వి' చాలా మాటల్లో ఫ. వాసర్ అంటే నీళ్లు, ఫాటర్ అంటే నాన్న. జర్మన్ మాటల్లో 'జె' య అవుతుంది: యా, యానువార్. వీటికి టెన్షన్ వద్దు, వారంలో వచ్చేస్తాయి.

'జెడ్' సంగతి వేరు. రైలుని నువ్వు 'జూగ్' అంటున్నావు. అది త్సూక్. ఈ త్స మనకి కొత్త కాదమ్మా. అమ్మమ్మ 'చలి', 'చాప', 'చుక్క' అన్నప్పుడు వినపడే చ అదే. పాత పుస్తకాల్లో దానికి చ మీద రెండు అంకె పెట్టి ౘ అని అచ్చువేసేవాళ్లు. చిక్కల్లా ఇ, ఎ ముందే. తెలుగులో అక్కడ నాలుక 'చిలక', 'చెట్టు' అన్నట్టు వెనక్కి జరిగిపోతుంది. త్సిమర్ (గది), త్సేన్ (పది) అనేటప్పుడు దాన్ని జరగనివ్వకు. 'చలి' అనబోతున్నట్టు పళ్ల వెనక ఆనించి, అక్కడి నుంచే పలుకు.

సొన్నె (సూర్యుడు) మొదట్లో వచ్చేది మన 'జొన్న'లోని జ కాదు, ఇంగ్లిష్‌లో జంతువుల 'జూ' అంటామే, ఆ శబ్దం. రాకపోతే హాయిగా స అను. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో చాలామంది అలాగే అంటారు. జ మాత్రం అనొద్దు.

రికార్డింగ్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాటల చివర. 'గూటెన్ టాగు' అన్నావు. బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసే నోరు కదా మనది, చివర ఉ వచ్చి చేరుతుంది. ఆ ఉ తీసెయ్. తీశాక ఇంకో పని ఉంది. మాట చివర గ, డ, బ వస్తే క, ట, ప అవుతాయి. రాత 'టాగ్', పలుకు టాక్. కుక్క హుంట్. వెనక అచ్చు చేరగానే అసలు శబ్దం తిరిగొస్తుంది: టాగె, హుండె. ఇది బాగా పట్టుకో.

ఇక 'సి', 'హెచ్' కలిసి వచ్చే శబ్దం. అ, ఒ, ఉ తర్వాత గొంతులోంచి గరగరమంటూ వస్తుంది: బూఖ్, నఖ్ట్. ఇ, ఎ తర్వాత, ల, న, ర తర్వాత మెత్తబడుతుంది: ఇహ్, మిల్హ్. దీనికి మనకి అక్షరం లేదు, అందుకే హ్ అని రాస్తున్నాను.

నేను వచ్చిన మొదటి చలికాలం ష్టుట్‌గార్ట్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పని. ఎనభై దాటిన ఒకావిడతో 'రేపు మిమ్మల్ని కిర్హెకి తీసుకెళ్తాను' అనబోయి కిర్షె అన్నాను. కిర్హె అంటే చర్చి, కిర్షె అంటే చెర్రీ పండు. ఆవిడ ముఖం వెలిగిపోయింది, డిసెంబరులో చెర్రీలు ఎక్కడివని అడిగింది. సంగతి తెలిశాక నా అరచేతిని తన నోటి ముందు పెట్టుకుని రెండు మాటలూ మార్చి మార్చి పలికింది. కిర్షెకి పెదాలు ముందుకు వచ్చాయి, గాలి గుప్పున తగిలింది. కిర్హెకి నవ్వినట్టు పక్కకి సాగాయి, గాలి సన్నగా, చల్లగా తగిలింది. నువ్వూ అరచెయ్యి పెట్టుకుని చూడు. గుసగుసగా 'హీ' అని లాగి, అందులో ఈ తీసేస్తే మిగిలే గాలే కావలసింది.

ర కోసం గొంతు నొప్పి తెచ్చుకోకు. చాలామంది గొంతులోంచి పలుకుతారు గానీ, బవేరియాలో నాలుక కొసతో పలికేవాళ్లూ ఉన్నారు. మన ర వాళ్లకి అర్థమవుతుంది. ముట్టర్ లాంటి మాటల చివర మాత్రం ర వినపడదు, 'ముటా' అన్నట్టే ఉంటుంది.

ఆదివారం నాకు నైట్ డ్యూటీ లేదు. త్సేన్, త్సిమర్, టాక్, టాగె, కిర్హె, కిర్షె. ఒక్కోటి మూడేసి సార్లు, నెమ్మదిగా చదివి పంపు. కిర్హె దగ్గర ఫోన్ నోటికి దగ్గరగా పెట్టు, ఆ గాలి నాకు వినపడాలి.

ప్రేమతో,
పెద్దమ్మ