గిటార్ పెడల్స్: ఏవి చేసుకోవాలి, ఏవి కొనుక్కోవాలి?

ఫోన్ వేడెక్కుతోందని, ల్యాప్‌టాప్ నెమ్మదించిందని వచ్చే ప్రశ్నల మధ్య ఈసారి గిటార్ పెడల్స్ (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చుకునే చిన్న డబ్బాలు) గురించి ఐదు ప్రశ్నలు వచ్చాయి. నాకు ప్రాణమైన విషయం. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: విజయవాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆదివారం చర్చిలో, అప్పుడప్పుడు కాలేజీ ఫెస్టుల్లో గిటార్ వాయిస్తాను. చర్చిలో ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) లేదు, నేరుగా మిక్సర్‌కే పెడతాం. సోల్డరింగ్ కాస్త వచ్చు. అన్ని రకాల పాటలకూ పనికొచ్చేలా ఐదారు పెడల్స్ సొంతంగా చేసుకోవాలని ఉంది. ఏవి ఎంచుకోమంటారు?

జవాబు: ఐదారూ మీరే చేయొద్దు. మూడు చేయండి: బూస్టర్ (ధ్వనిని పెంచేది), ఓవర్‌డ్రైవ్ (ధ్వనికి గరుకుదనం తెచ్చేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది). మిగతావి కొనండి. ఏది చేసుకోవాలి, ఏది కొనాలి అన్నదానికి నా లెక్క ఒక్కటే. శనివారం రాత్రి పెడల్ మూగబోతే ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు చేతిలో ఉన్న మల్టీమీటర్‌తో మీరే బాగుచేసుకోగలరా? బాగుచేసుకోగలిగితే చేయండి, లేకపోతే కొనండి. ట్యూనర్, రివర్బ్ (పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించేది) లాంటి వాటి లోపల ఉండేది ప్రోగ్రామ్ రాసిన చిప్. అది మొండికేస్తే మల్టీమీటర్ ఏమీ చెప్పదు.

మొదట బూస్టర్. ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ 1960ల చివర్లో తెచ్చిన ఎల్‌పీబీ-1 సర్క్యూట్‌ను మించిన తొలి పాఠం లేదు. ఒక్క ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ కంట్రోల్. ట్రాన్సిస్టర్‌కున్న మూడు కాళ్లలో కలెక్టర్ దగ్గర 10కె (అంటే 10,000 ఓమ్‌లు), ఎమిటర్ దగ్గర 390 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో దాదాపుగా వచ్చేస్తుంది, 20 రెట్ల పైమాటే. క్లాసులో చదువుకున్న కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్ ఇదే. బోర్డు మీద నల్లని గీతలుగా చూసినదాన్ని చెవులతో వినడం వేరే అనుభవం.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్త. నా మొదటి బూస్టర్ పూర్తయ్యాక గిటార్ ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు సన్నగా వినిపించింది. రెండు రోజులు ప్రతి టంకాన్నీ కరిగించి మళ్లీ పెట్టాను. తప్పు టంకంలో లేదు. లేఅవుట్ 2ఎన్5088 ట్రాన్సిస్టర్ కోసం గీసింది, నేను పెట్టింది బీసీ547. చదునుగా ఉన్న వైపు మనకేసి తిప్పి కాళ్లు కిందికి పట్టుకుంటే, బీసీ547లో ఎడమ కాలు కలెక్టర్. 2ఎన్5088లో ఎడమ కాలు ఎమిటర్. అంటే ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టేటప్పుడు అటుది ఇటు తిప్పాలి. పెట్టాక మీటర్‌తో చూడండి. 9 వోల్టుల బ్యాటరీతో కలెక్టర్ దగ్గర సగానికి కాస్త అటూ ఇటూగా, ఎమిటర్ దగ్గర 0.2 వోల్టుల దరిదాపుల్లో కనిపిస్తే ట్రాన్సిస్టర్ సరిగా కూర్చున్నట్టే.

రెండోది ఓవర్‌డ్రైవ్. ట్యూబ్ స్క్రీమర్ తరహాది చేయండి. దీంట్లో ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో రెండు డయోడ్లు ఎదురెదురుగా ఉండి సిగ్నల్ శిఖరాలను మెత్తగా నొక్కుతాయి. అసలు కిటుకు మాత్రం డయోడ్లలో లేదు. 4.7కె రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ కింద ఉన్న మంద్ర ధ్వనిని ముందే తగ్గించేస్తాయి. అందుకే బేస్ గిటార్, కీబోర్డు, డ్రమ్స్ మధ్య కూడా లీడ్ విడిగా వినబడుతుంది. ఒక్కరే వాయించుకుంటే మాత్రం అదే పెడల్ పలచగా అనిపిస్తుంది. అప్పుడు ఆ కెపాసిటర్ తీసి 0.1 పెట్టండి, హద్దు 340 హెర్ట్జ్‌కు దిగుతుంది, ధ్వనికి కండ పడుతుంది. డయోడ్లకూ ఈ కెపాసిటర్‌కూ చిన్న సాకెట్లు పెట్టుకుంటే టంకం లేకుండానే మార్చి మార్చి వినొచ్చు. కొన్న పెడల్‌లో ఈ సౌఖ్యం ఉండదు. సొంతంగా చేసుకోవడానికి నాకు తెలిసిన అతి పెద్ద కారణం ఇదే, డబ్బు ఆదా కాదు.

మూడోది డిలే. పీటీ2399 అనే ఒక్క చిప్ చుట్టూ కట్టొచ్చు. ఇది 5 వోల్టులతో నడుస్తుంది కాబట్టి 78ఎల్05 రెగ్యులేటర్ తప్పనిసరి. కొనేముందు దీని హద్దు తెలుసుకోండి. 340 మిల్లీసెకన్ల వరకు బాగా పలుకుతుంది, అది దాటేకొద్దీ బుస పెరిగి ప్రతిధ్వని మసకబారుతుంది. మీ చర్చి పాటలకు డాటెడ్ ఎయిత్ డిలే కావాలనుకుందాం. నిమిషానికి 80 బీట్ల పాటలో ఒక బీట్ 750 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ అంటే అందులో ముప్పావు, దాదాపు 562. ఈ చిప్ అంత దూరం సాఫీగా వెళ్లలేదు. 100 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య, గోడకు తగిలి వచ్చినట్టుండే వెచ్చని ప్రతిధ్వనికి మాత్రం దీన్ని మించింది అడగను. కిట్ కొంటే డిలే కంట్రోల్‌కు వరసలో 2.7కె లాంటి రెసిస్టర్ ఒకటి ఉందో లేదో చూడండి. లేకపోతే నాబ్‌ను సున్నాకు తిప్పి ఆన్ చేసినప్పుడు చిప్ బిగుసుకుపోవచ్చు.

ఇక మీ అసలు సమస్య పెడల్స్‌లో లేదు, మిక్సర్‌లో ఉంది. గిటార్ ఆంప్‌లోని స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు. చర్చి స్పీకర్లు అంతకు మూడింతలు పైకి పలుకుతాయి. ఓవర్‌డ్రైవ్‌ను నేరుగా మిక్సర్‌కు పెడితే తేనెతుట్టె కదిలినట్టు రొద వస్తుందే, అది మీ సోల్డరింగ్ లోపం కాదు. మధ్యలో స్పీకర్‌ను అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్ కావాలి. అందుకే నా సలహా: విడివిడిగా ట్యూనర్, రివర్బ్ కొనకుండా క్యాబ్ సిమ్యులేషన్ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్స్ (ఎన్నో పెడల్స్ పని ఒక్కటే చేసే డబ్బా) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని బోర్డు (పెడల్స్ వరసగా పేర్చుకునే పలక) చివర పెట్టండి. ట్యూనర్, రివర్బ్, పొడవైన డిలే కూడా అందులోనే దొరుకుతాయి. ఫెస్ట్‌లో ఆంప్ ఉన్న రోజు క్యాబ్ ఒక్కటి ఆపేస్తే సరి. ముందు మీ మూడు పెడల్స్, వెనక అది. ఈ బోర్డుతో మెలోడీ నుంచి రాక్ దాకా లాగేయొచ్చు.

పవర్ సప్లై మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంట్లో కట్టొద్దు. 9 వోల్టుల దగ్గర తప్పు జరిగితే ఒక రెసిస్టర్ కాలుతుంది. 230 వోల్టుల దగ్గర తప్పు జరిగితే తీగలు పట్టుకున్న చేతికే ప్రమాదం. ఒక్కో అవుట్‌పుట్ విడిగా ఉండే రెడీమేడ్ సప్లై కొనండి. మీ మూడు పెడల్స్‌కు కొద్దిపాటి మిల్లీఆంపియర్లు చాలు, మల్టీ ఎఫెక్ట్స్ వందల్లో తాగుతుంది. దానికి తగిన అవుట్‌పుట్ ఉందో లేదో చూసి తీసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. జనవరిలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ ఫేస్ తరహా పెడల్ (ధ్వనిని బాగా గరుకుగా మార్చేది) చేశాను. అద్భుతంగా పలికింది. మే నెలలో డాబా మీద వాయిస్తుంటే స్వరం తెగిపోతూ, ఉమ్మినట్టు వస్తోంది. ట్రాన్సిస్టర్లు పోయాయా?

జవాబు: పోలేదు. ఎండకు అలా అయ్యాయి. ఫజ్ ఫేస్‌ను లండన్‌లో ఆర్బిటర్ సంస్థ 1966లో తెచ్చింది. అక్కడి చలికి జెర్మేనియం బాగానే కుదిరింది. జెర్మేనియంలో మనం అడగకపోయినా కొంత కరెంట్ కారిపోతూ ఉంటుంది, దాన్నే లీకేజ్ అంటారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ లీకేజ్ సుమారు రెట్టింపవుతుంది. జనవరి సాయంత్రం 20 డిగ్రీలకు, మే డాబా మీద 40కి మధ్య అది నాలుగింతలైందన్నమాట.

మీకు మీరే చూసుకోండి. మూత తీసి, మీటర్ నల్ల ప్రోబ్‌ను ఎర్త్‌కు, ఎర్ర ప్రోబ్‌ను రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు పెట్టండి. అక్కడ 4.5 వోల్టుల దగ్గర్లో ఉండాలి. ఇప్పుడు మొదటి ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్ల మధ్య మెత్తగా పట్టుకోండి. పది సెకన్లలో అంకె కదలడం మొదలవుతుంది. వదిలేస్తే మెల్లగా వెనక్కి వస్తుంది. చేతి వేడికే అంత కదిలితే మే నెల ఎండకు ఎంత కదులుతుందో ఊహించుకోండి. (ప్లస్, మైనస్‌లు తిరగబడి పనిచేసే పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లయితే మీటర్‌లో మైనస్ గుర్తు కనిపిస్తుంది, కంగారు పడొద్దు.)

మందు సులువే. ఆ రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర ఉన్న 8.2కె రెసిస్టర్ తీసేసి, చిన్న రెసిస్టర్‌తో పాటు 20కె కంట్రోల్ ఒకటి పెట్టి, దాని నాబ్ డబ్బా బయటికి తెండి. ఏ ఊళ్లో, ఏ నెలలో వాయించినా ముందు ఆ నాబ్ తిప్పి ధ్వని కుదుర్చుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే సిలికాన్ ట్రాన్సిస్టర్లతో రెండోది చేయండి. కాస్త పదునుగా, మెరుపుగా పలుకుతుంది, ఎండను పట్టించుకోదు. సిలికాన్‌కు రేడియో స్టేషన్లు పట్టే అలవాటు ఉంది. ప్రతి ట్రాన్సిస్టర్ కలెక్టర్, బేస్‌ల మధ్య 100 పికోఫారడ్ల చిన్న కెపాసిటర్ వేస్తే అదీ పోతుంది. మన ఎండలకు నా ఓటు సిలికాన్‌కే. జెర్మేనియం మాధుర్యం నాకు తెలియక కాదు, స్టేజీ మీద దాన్ని బతిమాలుకుంటూ వాయించలేక.

మీది పీఎన్‌పీ అయితే ఇంకో మాట. అందులో ప్లస్ వైపు ఎర్త్ అవుతుంది. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ తీగకు కలిపితే నేరుగా షార్ట్ అవుతుంది. దానికి బ్యాటరీయే వాడండి.

ప్రశ్న: ఇంట్లో పాత వైఫై రూటర్ అడాప్టర్ ఉంది. పెడల్‌కు వాడొచ్చా? (విశాఖపట్నం)

జవాబు: వాడొద్దు. చాలా రూటర్ అడాప్టర్ల పిన్నులో మధ్యలో ప్లస్ ఉంటుంది. గిటార్ పెడల్స్‌లో మధ్యలో మైనస్. దానికి తోడు చాలావాటిపై 12 వోల్టులని రాసి ఉంటుంది. 10 వోల్టుల కెపాసిటర్లున్న పెడల్‌లో అది పొగ తెప్పించినా తెప్పించొచ్చు. మీరు చేసే ప్రతి పెడల్‌లో కరెంట్ వచ్చే చోట 1ఎన్5817 డయోడ్ ఒకటి వరసలో పెట్టండి. ఎవరైనా తిరగేసి గుచ్చినా సర్క్యూట్ బతుకుతుంది. అది మింగేది 0.2, 0.3 వోల్టులే.

ప్రశ్న: వరంగల్‌లో ఉన్నాను. పార్టులు ఎక్కడ దొరుకుతాయి? డబ్బాకు వంటింటి స్టీల్ డబ్బా వాడితే ఏమవుతుంది?

జవాబు: రెసిస్టర్లు, కెపాసిటర్లు, బీసీ547, వీరోబోర్డు (పార్టులు టంకం పెట్టుకునే చిల్లుల పలక) లాంటి మామూలు సరుకు కోసం హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి ఒక్క ట్రిప్ చాలు. తొమ్మిది కాళ్ల 3పీడీటీ ఫుట్‌స్విచ్ కోసం మాత్రం వెళ్లే ముందు షాపుకు ఫోన్ చేసి అడగండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. దాని కాళ్ల దగ్గర సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు సెకన్లకు మించి ఆనించొద్దు. లోపలి ప్లాస్టిక్ మెత్తబడితే కొత్త స్విచ్ అక్కడికక్కడే పోతుంది.

స్టీల్ డబ్బా బయటి రొదను ఆపుతుంది, అందులో తప్పు లేదు. డ్రిల్ చేయడమే నరకం. బిట్ జారుతుంది, రేకు వేడెక్కి గట్టిపడుతుంది, అంచులు వేళ్లను కోస్తాయి. 1590బీ సైజు అల్యూమినియం డబ్బా కొనండి. స్విచ్‌కు 12 మిల్లీమీటర్లు, కంట్రోళ్లకు 7, ఎల్‌ఈడీకి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు చాలు. ప్లాస్టిక్ మాత్రం వద్దు, ట్యూబ్‌లైట్ గుయ్‌మనడం కూడా గిటార్‌తో పాటు వినిపిస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. నాలుగు పెడల్స్ చేశాను, అన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ సర్క్యూట్‌ను తాకకుండా నేరుగా దాటిపోయేవి). అన్నీ ఆఫ్‌లో ఉన్నా గిటార్ ధ్వని దుప్పటి కప్పినట్టుంది. నేరుగా ఆంప్‌కు పెడితే బాగుంది.

జవాబు: తప్పు కేబుళ్లది. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల చుట్టుపక్కల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి బోర్డుకు 6 మీటర్లు, అక్కణ్నుంచి ఆంప్‌కు 6 మీటర్లయితే 1200 పికోఫారడ్లు. అన్నీ ట్రూ బైపాస్ కాబట్టి ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ మొత్తం తీగ మీ పికప్‌కు (గిటార్ తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) నేరుగా వేలాడుతుంది, పై స్వరాలను మింగేస్తుంది.

టీఎల్072 చిప్‌తో ఒక బఫర్ (పొడవైన తీగ భారం పికప్ మీద పడకుండా ఆపే సర్క్యూట్) కట్టి బోర్డులో పెట్టండి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఇన్‌పుట్ దగ్గర 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉండాలి. చిప్‌లో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి కాబట్టి రెండోదాన్ని బోర్డు చివర ఇంకో బఫర్‌గా వాడుకోవచ్చు. ఫజ్ ఉంటే మాత్రం అది బఫర్‌కు ముందే ఉండాలి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ శుభ్రంగా మారే గుణం పికప్‌కు నేరుగా తగిలి ఉన్నప్పుడే వస్తుంది. వరుస ఇలా పెట్టి చూడండి: ఫజ్, బఫర్, ఓవర్‌డ్రైవ్, బూస్టర్, డిలే. స్విచ్ నొక్కినప్పుడు టప్‌మని వినిపిస్తుంటే ఆ పెడల్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల నుంచి ఎర్త్‌కు ఒక్కో 1 మెగాఓమ్ రెసిస్టర్ వేయండి.