ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా కావాలా?

పోయిన ఆదివారం గుడిలో ప్రసాదం దగ్గర ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. కిందటి ఆగస్టులో నిజాంపేట నుంచి డాలస్ వచ్చారు. బాబు ఆరో తరగతి. "అక్కా, స్కూల్ నుంచి వచ్చే ఏడాది క్లాసుల ఫారం వచ్చింది, శుక్రవారంలోగా ఇచ్చేయాలట. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా పెట్టించకపోతే వెనకబడిపోతాడు అంటున్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్" అంది. అక్కడ పది నిమిషాలు మాట్లాడాను కానీ చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. మేం టెక్సస్ వచ్చి పంతొమ్మిదేళ్లు. ఇద్దరు పిల్లల ఫారాలు నింపాను. అందులో ఒకటి తప్పుగా నింపాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన దగ్గర పిల్లలు మొదటిసారి ఏదైనా ఎంచుకునేది పదో తరగతి అయ్యాకే. ఎంపీసీనా, బైపీసీనా అని ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుంటాం. ఇక్కడ పన్నెండేళ్ల పిల్లాడి చేతికి ఫారం ఇచ్చి పంపిస్తారు. దాన్ని చూడగానే మనకు ఇంటర్ గ్రూపు గుర్తొస్తుంది, ఒక్క గడి తప్పు పెడితే జీవితం అటే పోతుందనిపిస్తుంది. ఈ ఫారంలో అంత పని చేసే గడి ఒక్కటే, లెక్కలది. అదీ పూర్తిగా మూసుకుపోయే తలుపు కాదు. మిగతావి చాలావరకు మరుసటి ఏడాది మార్చుకోవచ్చు.

ముందు ఫారంలో మన చేతిలో ఉన్నదెంతో చూడండి. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ అందరికీ ఉంటాయి. టెక్సస్‌లో ఏడో తరగతి సోషల్ అంటే టెక్సస్ చరిత్ర, ఎనిమిదిలో 1877 వరకు అమెరికా చరిత్ర. వీటిలో మనం ఎంచుకోవాల్సింది మామూలు క్లాసా, అడ్వాన్స్‌డా అన్నది మాత్రమే. ఆరు నుంచి ఎనిమిది లోపల నాలుగు సెమిస్టర్లు వ్యాయామం ఉండాలి, ఒక కళల క్లాసు పూర్తి చేయాలి. ఇవి పోగా పిల్లలు తమ ఇష్టంతో తీసుకోగలిగినవి ఒకటో రెండో పీరియడ్లు మిగులుతాయి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలో స్కూళ్లను నడిపే సంస్థలు) జూనియర్ హై అంటాయి, కొన్ని మిడిల్ స్కూల్ అంటాయి. పేరేదైనా ఫారం దాదాపు ఇలాగే ఉంటుంది.

ఇక లెక్కలు. మామూలు దారిలో వెళ్తే తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా 1, పదిలో జామెట్రీ, పదకొండులో ఆల్జీబ్రా 2, పన్నెండులో ప్రీకాల్కులస్. అడ్వాన్స్‌డ్ దారిలో ఆరు, ఏడు తరగతుల్లోనే మూడేళ్ల పాఠం కుదించి చెప్పేసి, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 పెడతారు. అప్పుడు పన్నెండుకల్లా కాల్కులస్ అందుతుంది. ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది సరిపోయే దారి. 2023లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల పరీక్షలో పైనున్న నలభై శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూలే చేర్చాలి. తల్లిదండ్రులు వద్దంటేనే తీసేస్తారు.

ఇండియా నుంచి నేరుగా ఆరో తరగతికి వచ్చిన పిల్లాడికి ఆ ఐదో తరగతి మార్కు ఉండదు. చూపించడానికి ఏమీ లేక మామూలు క్లాసులో కూర్చోబెడతారు. మనవాళ్లకు స్కూల్‌ని అడగడం మొహమాటం. "వాళ్లే చూసుకుంటారులే" అని ఏడాది గడిపేస్తారు. ఇక్కడ అడగని వాళ్లను ఎవరూ పిలిచి ఇవ్వరు. అడిగితే తప్పుగా కూడా అనుకోరు. పిల్లల క్లాసుల సంగతి చూసే స్కూల్ కౌన్సెలర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: మా బాబు ఫలానా నెలలో ఇండియా నుంచి వచ్చాడు, ఐదో తరగతి రాష్ట్ర పరీక్ష రాయలేదు, అక్కడి ప్రోగ్రెస్ కార్డులు జత చేశాను, వచ్చే ఏడాది అడ్వాన్స్‌డ్ లెక్కలకు పరిశీలించండి, ఏదైనా పరీక్ష పెట్టాలంటే రాస్తాడు. ఇంతే చాలు. ఇప్పుడున్న లెక్కల టీచర్‌ను కూడా అదే మెయిల్‌లో కలపండి, వాళ్ల మాటకు విలువ ఉంటుంది.

మన పిల్లలు లెక్క చేయడంలో గట్టివాళ్లే. తడబడేది వేరే చోట. అడుగులు, అంగుళాలు, ఔన్సులు, గ్యాలన్లు వాళ్లకు కొత్త. మూడు వాక్యాల ఇంగ్లిష్ కథలో లెక్క ఎక్కడుందో పట్టుకోవడం కొత్త. బాక్స్ ప్లాట్, డాట్ ప్లాట్ లాంటివి చూసి ఉండకపోవచ్చు. రాష్ట్ర పరీక్ష అంతా కంప్యూటర్ మీదే, గీతల్ని స్క్రీన్ మీద లాగి పెట్టాలి. ఈ వేసవిలో ఆ ఖాళీలు పూడిస్తే ఏడో తరగతి అడ్వాన్స్‌డ్ క్లాసు అందుకోవడం కష్టం కాదు. దీనికి ఖరీదైన కోచింగ్ అక్కర్లేదు. వంటింట్లో కొలత కప్పులు, గోడకు ఒక టేపు, వారానికి పది కథ లెక్కలు చాలు.

వాట్సాప్ గ్రూపు చెప్పేది దీనికి ఇంకో మెట్టు పైన. క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఒక సదుపాయం ఉంది. క్లాసులో కూర్చోకుండానే పరీక్ష రాసి ఎనభై శాతం తెచ్చుకుంటే ఆ సబ్జెక్టు దాటేయవచ్చు. మనవాళ్లు వేసవిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఏడో తరగతి లెక్కలు రాయించి, ఏడులోనే ఆల్జీబ్రా 1లోకి పంపిస్తారు. మేమూ మా పెద్దవాడితో అదే చేయించాం. పరీక్ష పాసయ్యాడు, ఇంట్లో పాయసం చేశాను. ఏం దాటించామో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడి ఏడో తరగతి లెక్కలకు ప్రాణం అనుపాతం. గంటకు ఇన్ని మైళ్లు, పౌనుకు ఇన్ని డాలర్లు, బొమ్మ పెరిగితే కొలతలు ఎలా పెరుగుతాయి అని ఏడాదంతా దాని చుట్టూనే తిప్పుతారు. ఆల్జీబ్రాలో సరళరేఖ వాలు అని చెప్పేది ఈ అనుపాతాన్నే. మావాడికి త్రైరాశికం చేయడం వచ్చు, అడ్డంగా గుణించి సమాధానం రాసేస్తాడు. అది ఎందుకు అలా వస్తుందో అడిగితే చెప్పలేడు. ఆల్జీబ్రా 1లో సూత్రాలు బట్టీ పట్టి నెట్టుకొచ్చాడు. తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా 2కి వచ్చేసరికి ఆ పునాది లేక రాత్రి పదకొండు దాకా కూర్చునేవాడు. ఒక రోజు పుస్తకం మూసి "నాకు లెక్కలు రావమ్మా" అన్నాడు. ఆరో తరగతిలో లెక్కలంటే చెవి కోసుకున్న పిల్లాడు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. తర్వాత ఒక వేసవంతా వాళ్ల నాన్న వాడితో ఏడో తరగతి పుస్తకం మొదటి నుంచి చేయించారు. అప్పుడు కుదురుకున్నాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఏడులోనైనా ఎనిమిదిలోనైనా, ఆల్జీబ్రా 1 తీసుకుంటే అది హైస్కూల్ క్లాసు. హైస్కూల్ క్రెడిట్ వస్తుంది, గ్రేడ్ హైస్కూల్ ట్రాన్స్‌స్క్రిప్ట్‌లోకి, అంటే కాలేజీలు చూసే మార్కుల రికార్డులోకి ఎక్కుతుంది. ఏడాది చివర రాసే రాష్ట్ర పరీక్ష పాసవడం మామూలుగా హైస్కూల్ డిప్లొమాకు అవసరం. ఆ గ్రేడ్‌ను జీపీఏలో (హైస్కూల్ గ్రేడ్ల సగటులో) కలపాలా వద్దా అన్నది డిస్ట్రిక్టును బట్టి ఉంటుంది. మా దాంట్లో కలిపారు. పన్నెండేళ్లప్పుడు వచ్చిన బీ గ్రేడ్ పన్నెండో తరగతి దాకా వాడి వెంట వచ్చింది. టెక్సస్‌లో ఆ జీపీఏతో వచ్చే క్లాసు ర్యాంకుకు బరువెక్కువ. 1997 చట్టంతో క్లాసులో పైనున్న పది శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు వస్తుంది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో అయితే 2026 ప్రవేశాల నుంచి ఐదు శాతానికే. కాబట్టి సంతకం పెట్టే ముందు "ఈ క్లాసు హైస్కూల్ జీపీఏలో కలుస్తుందా?" అని ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. స్పానిష్ 1 లాంటివి కూడా ఈ కోవలోవే. మిగతా జూనియర్ హై మార్కులు కాలేజీ దాకా పోవు, వాటి గురించి పిల్లల్ని సతాయించకండి.

మామూలు దారిలో ఉండిపోయినా కాల్కులస్ చేజారిపోదు. చాలాచోట్ల పదో తరగతిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకేసారి తీసుకోనిస్తారు, వేసవి క్లాసులూ ఉంటాయి. పద్నాలుగేళ్లకు తనంతట తాను అడిగి ముందుకు దూకే పిల్లాడు నిలబడతాడు.

పిల్లలు తమ ఇష్టంతో ఎంచుకునే ఆ ఒకటి రెండు క్లాసులు, అంటే మనవాళ్లు తేలిగ్గా తీసేసే ఎలక్టివ్‌ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. "బ్యాండ్ ఎందుకు, టైమ్ వేస్ట్, కోడింగ్ పెట్టుకో" అనే మాట ప్రతి ఇంట్లో వింటాను. బ్యాండ్, ఆర్కెస్ట్రా మొదలయ్యేది ఆరో తరగతిలో. ఏడుకు వచ్చేసరికి మిగతా పిల్లలు ఏడాది వాయించి ఉంటారు, ఎనిమిదిలో కొత్తగా చేరడం ఇంకా కష్టం. మీ పిల్లలకు ఇష్టముంటే "ఏడో తరగతిలో మొదటినుంచి నేర్పే క్లాసు ఉందా?" అని ఇప్పుడే అడగండి. ట్యూబా లాంటి పెద్ద వాయిద్యాలు స్కూలే ఇస్తుంది, క్లారినెట్ లాంటివి నెలవారీ అద్దెకు దొరుకుతాయి. కొనేయకండి. పాటల క్లాసు, బొమ్మల క్లాసు, నాటకం ఏ ఏడాదైనా మొదలుపెట్టవచ్చు.

మా అమ్మాయి ఆరులో క్లారినెట్ పట్టింది. ఏడుకు వచ్చేటప్పుడు మానిపించాలని నేనూ అనుకున్నాను. అది ఏడ్చింది, వదిలేశాను. ఆ బ్యాండ్ హాల్‌లో దానికి దొరికింది నేను ఏ డబ్బుతోనూ కొనలేనిది. పొద్దున్నే బస్సు దిగి వెళ్లడానికి ఒక చోటు, లంచ్‌లో పక్కన కూర్చునే నలుగురు. కొత్తగా వచ్చిన పిల్లలకు అన్నిటికంటే భారమైన గంట లంచ్ గంటే. ఇంటికొచ్చి చెప్పరు. డబ్బా అలాగే వెనక్కి వస్తే అర్థం చేసుకోవాలి. లెక్కల క్లాసులో స్నేహాలు పుట్టడానికి టైమే ఉండదు. కలిసి వాయించే చోట, కలిసి ఆడే చోట, నాటకానికి తెర కట్టే చోట పుడతాయి. ఇంగ్లిష్ మాట్లాడటానికి జంకే పిల్లలకు నాటకం క్లాసు చాలా మేలు చేస్తుంది. రాసిచ్చిన మాటలు గట్టిగా పలకడంతో భయం పోతుంది.

ఆటల మీద ఇష్టముంటే ఏడో తరగతి నుంచి స్కూల్ జట్లు ఉంటాయి, అథ్లెటిక్స్ తీసుకుంటే వ్యాయామం లెక్కలోకి వస్తుంది. డాక్టర్ సంతకంతో ఒక ఫిజికల్ ఫారం కావాలి, వేసవిలోనే చేయించండి. ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. గ్రేడ్ డెబ్బైకి తగ్గితే కొన్ని వారాలు పోటీల్లో పాల్గొననివ్వరు. కొన్ని అడ్వాన్స్‌డ్ క్లాసులకు మినహాయింపు ఉంటుంది, అయినా నాలుగు సబ్జెక్టులూ అడ్వాన్స్‌డ్ పెట్టించి, పైన ఆటలూ కావాలంటే పిల్లలు నలిగిపోతారు. మొదటి ఏడాది అడ్వాన్స్‌డ్‌లో లెక్కలు, ఇంకొక్కటి చాలు. టెక్సస్ చరిత్ర అయితే మన పిల్లలకు అక్షరం ముక్క తెలియదు, దాన్ని మామూలుగానే ఉంచండి.

ఇంటి భాష ఫారం గురించీ ఇక్కడే చెప్పేస్తాను. ఇంట్లో తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారని, ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు నేర్పే) క్లాసు ఒక ఎలక్టివ్‌ను తినేస్తుందని భయపడి కొందరు ఇంగ్లిష్ అని రాస్తున్నారు. నిజం రాయండి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఆ పరీక్ష దాటేస్తారు. దాటలేదంటే ఆ సాయం అవసరమనే అర్థం, అది అందాలి. ఇక హైస్కూల్లో రెండేళ్ల భాషకు తెలుగు పరీక్షను లెక్కలోకి తీసుకుంటారా అని కూడా డిస్ట్రిక్టును అడిగి చూడండి.

హెచ్1 మీద ఉన్నవాళ్లం, ఎప్పుడు ఏ ఊరు వెళ్తామో తెలియదు. ప్రతి ఏడాది రిపోర్ట్ కార్డు, క్లాసుల ఫారం ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇంకో రాష్ట్రంలో చేర్చేటప్పుడు అవే మాట్లాడతాయి.

ఆ నిజాంపేట అమ్మాయికి నా సమాధానం ఇది. ఏడో తరగతికి అడ్వాన్స్‌డ్ లెక్కలు అడుగు, ఆల్జీబ్రా 1 ఎనిమిదిలో. దాటేసే పరీక్ష వద్దు. ఎలక్టివ్ బాబునే రాయనివ్వు, నువ్వు పక్కన కూర్చో అంతే. కింద ప్రత్యామ్నాయాలని మూడు గడులు ఉంటాయి, చాలామంది వాటిలో ఏదో ఒకటి గిలికేస్తారు. మొదటి కోరిక నిండిపోతే దొరికేది అదే, ఏడాదంతా అందులోనే కూర్చోవాలి. స్కూల్ మొదలయ్యాక మార్చుకోవడానికి కొద్ది రోజులే టైమ్ ఇస్తారు. అందుకని అవి కూడా వాడికి నచ్చినవే రాయించు. గడువు శుక్రవారం అన్నావు కదా, కౌన్సెలర్‌కు మెయిల్ ఈ రాత్రికే పెట్టు.