దయ్యం కథ వినిపిస్తే "చూశారా?" అనకండి, "అక్కడ ఎవరు పోయారు?" అని అడగండి

మీరు అడిగింది ఇది: "నెల్లూరు, ప్రకాశం జిల్లాల దయ్యం కథలు, జానపద కథలు, జనం మరిచిపోయిన చరిత్ర సేకరించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? వాటిలో నిజం ఉంటుందా?"

నాకు తెలిసిన దారి ఒకటే. దయ్యం కథ చెప్పేవాళ్లను "నిజంగా చూశారా?" అని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు, లేదంటే ఇంకాస్త మసాలా కలిపి చెబుతారు. "అక్కడ ఎవరు పోయారు?" అని అడిగి చూడండి. కాసేపు ఆలోచించి, పక్కింటి పెద్దాయన్ని పిలిచి మరీ చెబుతారు. ఏ పుస్తకంలోనూ లేని సంగతులు అప్పుడు బయటికొస్తాయి.

మాది కావలికి ఉత్తరాన, బకింగ్‌హాం కాలవ పక్కనున్న పల్లె. చిన్నప్పుడు పొద్దు గూకాక మమ్మల్ని కాలవ కట్ట మీదికి పోనిచ్చేవాళ్లు కాదు. "గంజి ఉందా అబ్బయ్యా అని ఎవరన్నా అడిగితే పలకబాకు. వెనక్కి తిరిగి చూడబాకు. గబగబా ఇంటికొచ్చెయ్" అనేది మా అవ్వ. ఊళ్లో మిగతా దయ్యాలు పీక పిసికేవి, మీద పడేవి. కాలవ దయ్యం మాత్రం ఎవరినీ ఏమీ చెయ్యదు. ఆకలేస్తుంది అంటుంది, అంతే.

పెద్దయ్యాక ధాత కరువు గురించి చదువుతుంటే ఆ గంజి మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగిన కరువది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది పోయారు. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఈ కాలవను విడతలు విడతలుగా ఉత్తరానికి, పెదగంజాం దాకా తెచ్చారు. కరువు రోజుల్లో కూలి పనుల కింద దానిలో కొంత భాగం తవ్వించారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు పేరే కాలవకు పెట్టారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క చర్చి చరిత్రలో భద్రంగా ఉంది. కట్ట మీద ఆకలికీ గత్తరకీ (కలరాకీ) రాలిపోయినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. మా అవ్వ చెప్పిన దయ్యం వాళ్లదేనని నా నమ్మకం. గవర్నర్ పేరు కాలవకు మిగిలితే, తవ్వినవాళ్లకు మిగిలింది ఆ ఒక్క కేక.

అకాల మరణం పొందినవాళ్లంతా మన దగ్గర దయ్యాలు కారు. ఊరు ఎవరి పేరు గుర్తుపెట్టుకుందో వాళ్లకు గుడి కట్టింది, పొంగలి పెట్టింది. ఊరూరా ఉన్న పేరంటాలమ్మ గుళ్లు అలా వచ్చినవే. ముత్తయిదువగా పోయిన ఆడబిడ్డకు ఏటా చీర, రవికె, గాజులు పెడతారు. ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో, ఎలా పోయిందో ఆ ఇంటివాళ్లను అడగండి, మెల్లగా.

నెల్లూరు బారా షహీద్ దర్గా కథా అలాంటిదే. యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు గండవరం దగ్గర తెగిపడ్డాయనీ, మొండేలను గుర్రాలు స్వర్ణాల చెరువు దాకా మోసుకొచ్చాయనీ చెబుతారు. తర్వాత ఒక చాకలి దంపతులకు ఆ వీరులు కలలో కనిపించి, సమాధుల దగ్గరి మట్టి పెడితే ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందని చెప్పారట. తల లేని మనుషులు గుర్రాల మీద రావడం వింటేనే భయపడాల్సిన కథ. కానీ మొహర్రం రోజుల్లో అక్కడ జరిగే రొట్టెల పండక్కి వెళ్లి చూడండి. ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో, తల మీద కొంగు కప్పుకున్న ఆడవాళ్లు "సంతానం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా? ఉద్యోగం రొట్టె ఎవరిస్తారు?" అని అడుగుతుంటారు. ఎవరిది ఏ మతమో అక్కడ ఎవరికీ పట్టదు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి.

కనిగిరి వైపు ఒక పల్లెలో చెరువు కట్ట కింద, వేపచెట్టు మొదట్లో వాలిపోయిన రాయి ఒకటి చూశాను. పిల్లలు దాన్ని దయ్యం రాయి అంటారు. దగ్గర కూర్చుని మట్టి తుడిస్తే బొమ్మలు కనబడ్డాయి. కింది అరలో బాకు పట్టుకున్న మనిషి, వెనక పశువులు. నడిమి అరలో అతని చేతులు పట్టుకుని పైకి తీసుకెళ్తున్న ఇద్దరు అప్సరసలు. పై అరలో లింగం, నంది, సూర్యచంద్రులు. అది వీరగల్లు. పశువులను కాపాడుతూ చనిపోయిన మనిషి కోసం ఊరు నిలబెట్టిన రాయి. అతన్ని ఇప్పుడు పిల్లలు దయ్యమంటున్నారంటే నాకు నిజంగా బాధేసింది.

పశువుల కోసం ఈ నేల మీద పెద్ద యుద్ధమే జరిగింది. 13వ శతాబ్దంలో యాదవ నాయకుడు కాటమరాజుకీ, నెల్లూరు ఏలిన సిద్ధిరాజుకీ పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర తగాదా వచ్చి పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర కొట్టుకున్నారు. నెల్లూరు వైపు పోరాడిన ఖడ్గ తిక్కన, కవి తిక్కన సోమయాజికి అన్నదమ్ముల వరస. ఒకసారి వెనుదిరిగి ఇంటికొస్తే భార్య చానమ్మ ఆడవాళ్లకు పెట్టినట్టు మరుగు కట్టి, పసుపు ముద్ద పెట్టి స్నానానికి పిలిచిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందనీ చెబుతారు. ఆ అవమానం భరించలేక అతను తిరిగి వెళ్లి యుద్ధంలో ప్రాణమిచ్చాడు. తిక్కన భారతం మనకు బడిలో చెబుతారు. పక్కనే జరిగిన ఈ పోరు మాత్రం గొల్లల ఇళ్లలో, కొమ్ము ఊదుతూ ఈ కథ పాడే కొమ్ములవారి గొంతుల్లో మిగిలింది.

ఊరి బయట పాటి దిబ్బలు కూడా వదలొద్దు. పాడుబడ్డ పాత ఊళ్లవి. వాన వెలిసిన మర్నాడు వెళితే ఎర్ర, నల్ల పెంకులు, గాజు ముక్కలు పైకి తేలి కనబడతాయి. రాత్రి రోకటి చప్పుడు వినిపిస్తుందని ఏ దిబ్బ గురించైనా అంటే, ఊరు ఎప్పుడు లేచిపోయింది, గత్తర వచ్చా, మశూచి వచ్చా అని అడగండి. చూసినవి ఫోటో తీసుకుని అక్కడే వదిలెయ్యండి. గుప్తనిధుల పిచ్చితో ఎన్ని విగ్రహాలు, రాళ్లు పగిలిపోయాయో. వీరగల్లు కింద బంగారం ఉంటుందన్న మాట మీ నోటి నుంచి అసలు రాకూడదు.

రాళ్ల మీది రాతలకైతే 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాలు చూడండి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కాబట్టి ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు శాసనాలు కూడా నెల్లూరు పేరు మీదే దొరుకుతాయి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. గాలి సోకిందని జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో, ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేసేవాళ్లు మీ సేకరణకు సరుకు కాదు. వాళ్లను వీడియో తియ్యొద్దు. మాట కలిస్తే, మొక్కు మొక్కుగా ఉంచుకుని మానసిక వైద్యుడికి కూడా చూపించమని ఇంటివాళ్లకు చెప్పండి.

మొదలు ఎక్కడంటే, నేనైతే కాటమరాజు కథ చెప్పే కొమ్ములవారి దగ్గరికే ముందు పంపిస్తాను. కథ మొత్తం వచ్చినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. గుళ్లు, రాళ్లు వచ్చే ఏడాది చూసినా అక్కడే ఉంటాయి. వాళ్లు కథ చెప్పే రాత్రి ఎప్పుడో కనుక్కుని వెళ్లండి, అడిగి రికార్డు చేసుకోండి, కూలి పోయిన రోజుకు డబ్బులివ్వండి, రికార్డు చేసింది వాళ్ల పిల్లల ఫోన్‌లో కూడా ఎక్కించి రండి.