నడుము దగ్గర గుండ్రటి మచ్చ: మీ ప్రశ్నకు సమాధానం
నడుము దగ్గరి మచ్చ మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గి, ఆపగానే రెట్టింపైందన్నారు కదా, అది తామరలాగే, అంటే చర్మానికి పట్టే ఫంగస్‌లాగే ఉందండి. అంచు ఎర్రగా ఉబ్బి, పొట్టు రాలుతూ, మధ్యలో చర్మం మామూలుగా ఉందా? చెమట పడితే దురద పెరుగుతోందా? అయితే దాదాపు అదే. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు, దురద అణుగుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. నేనూ ఇలాగే రెండు నెలలు పోగొట్టుకున్నా. సోరియాసిస్ అనే వేరే చర్మవ్యాధికైతే వెండిలా మెరిసే మందపాటి పొట్టు, ఎక్కువగా మోచేతులు, మోకాళ్ల మీద. దురద లేని పాలిపోయిన మచ్చయితే కళ్లు మూసుకుని దూదితో తాకించుకోండి. స్పర్శ తెలియకపోతే కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. మీరైతే చర్మ డాక్టరు దగ్గరికి ఆ ట్యూబ్ కూడా పట్టుకెళ్లండి.